సీఏ విద్యార్థికి ఉపన్యాసం కన్నా దిద్దిన జవాబుపత్రం అవసరం

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) పరీక్షల ఫలితాలు వెలువడినప్పుడల్లా తెలుగు పత్రికలన్నీ ర్యాంకులు సాధించినవారి ఫొటోలను, వారి దినచర్యను, వారి తల్లిదండ్రుల ఆనందాన్ని ప్రచురిస్తాయి. అది సముచితమే. 2024 నవంబరు ఫైనల్ పరీక్షలో అఖిల భారత ప్రథమ ర్యాంకును హైదరాబాదు, తిరుపతి అభ్యర్థులిద్దరు సమానంగా పంచుకున్నారన్న వార్త చదివి, ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా తమ ఇంటి పిల్లలే గెలిచినంతగా సంతోషించాయి. అయితే అదే పరీక్షలోని రెండు భాగాలూ (వీటిని గ్రూపులంటారు) కలిపి రాసినవారిలో ఉత్తీర్ణులైనవారు 13.44 శాతమే. మిగిలిన వారి సంగతి ఏ పత్రికలోనూ రాదు. ఫలితం చూసుకున్న మరునాడు మళ్లీ అవే పుస్తకాలు తెరవవలసిన ఆ పిల్లల గురించి, వారి పట్టుదల నిలబడాలంటే మా సరిహద్దు జిల్లాల్లో ఏయే ఏర్పాట్లు జరగాలన్న దాని గురించి ఈ లేఖ రాస్తున్నాను.

నేను రాయగడ జిల్లాలో చాలా ఏళ్లు కామర్సు బోధించి ఉద్యోగ విరమణ చేసినవాడిని. ఇప్పటికీ సాయంత్రం వేళల్లో అకౌంట్స్ సందేహాలతో పిల్లలు ఇంటికి వస్తుంటారు. వారిలో కిరాణా వర్తకుల పిల్లలు, బియ్యం మిల్లుల్లో గుమాస్తాలుగా పనిచేసేవారి పిల్లలు, కాగితం మిల్లు ఉద్యోగుల పిల్లలు ఉన్నారు. మొదట్లో వారు అడిగేది లెక్క గురించి. నెలలు గడిచేకొద్దీ మాట మారుతుంది. "మాస్టారూ, చదవాలని కూర్చుంటున్నాను గాని మనసు నిలవడం లేదు" అంటారు. ఇంట్లోవారు దీనికి బద్ధకమని పేరు పెడతారు, లేదా నెపం సెల్‌ఫోను మీద వేస్తారు. పిల్లలు కూడా అది నిజమేనని నమ్మి, హుషారెక్కించే ప్రసంగాల వీడియోలు రాత్రిళ్లు చూస్తారు. ఆ హుషారు తెల్లవారేసరికి మిగలదు. నేను గమనించినంతలో మనసు నిలవకపోవడానికి అసలు కారణం వేరు. నెలల తరబడి ఒంటరిగా చదువుతున్న విద్యార్థికి తాను ముందుకు పోతున్నాడో, ఉన్నచోటనే తిరుగుతున్నాడో చెప్పేవారు లేరు. రాసిన జవాబును చదివేవారు లేరు, తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపేవారు లేరు. ఏడాది శ్రమకు బదులుగా ఫలితాల రోజున కొన్ని అంకెలు మాత్రం కనబడతాయి. ఇటువంటి స్థితిలో ఎంత పట్టుదల గలవారికైనా చదువు మీద మనసు విరగడంలో ఆశ్చర్యం లేదు.

ఈ పరీక్షలో ఉత్తీర్ణత నియమం తెలియని పెద్దలకు పిల్లల బాధ సరిగా అర్థం కాదు గనుక దానిని కొంచెం వివరంగా చెబుతాను. సీఏ చదువులో ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని మూడు మెట్లుంటాయి (ఈ ఇంటర్మీడియట్ ప్లస్ టూ కాదు). 2023 జులైలో అమలులోకి వచ్చిన కొత్త పాఠ్య విధానం ప్రకారం ఇంటర్మీడియట్‌లోనూ ఫైనల్‌లోనూ ఆరేసి పేపర్లున్నాయి. వాటిని మూడేసి చొప్పున రెండు గ్రూపులుగా విభజించారు. ప్రతి పేపరులో కనీసం 40 మార్కులు, గ్రూపు మొత్తం మీద 300కు 150 మార్కులు రావాలి. ఈ రెండు షరతులలో ఏ ఒక్కటి తప్పినా గ్రూపు పోయినట్టే. ఒక అమ్మాయికి ఇంటర్మీడియట్ మొదటి గ్రూపులో అడ్వాన్స్‌డ్ అకౌంటింగులో 64, లాలో 55, టాక్సేషన్‌లో 37 వచ్చాయనుకుందాం. మొత్తం 156. కావలసిన దానికన్నా ఎక్కువే. అయినా 37 దగ్గర గ్రూపు ఆగిపోతుంది. ఇరుగుపొరుగు అడిగితే ఇంట్లోవారు "ఫెయిలైంది" అని ఒక్క మాటతో చెప్పేస్తారు, ఆ అమ్మాయి కూడా తనను తాను అలాగే చూసుకోవడం మొదలుపెడుతుంది.

కాని ఆ మార్కుల పత్రంలో మరొక వాస్తవం ఉంది. గ్రూపులోని పేపర్లన్నీ రాసి, ఏదైనా ఒక పేపరులో 60 లేదా అంతకు మించి తెచ్చుకున్నవారికి, తరువాతి మూడు పర్యాయాల వరకు ఆ పేపరు మళ్లీ రాయనవసరం లేకుండా ఎగ్జంప్షన్ లభిస్తుంది. ఆ మార్కులు గ్రూపు మొత్తంలో కలుస్తాయి కూడా. కాబట్టి పై ఉదాహరణలోని అమ్మాయి అకౌంట్స్‌ను ఇక ముట్టుకోనక్కరలేదు. 64 చేతిలో ఉంది గనుక మిగిలిన రెండు పేపర్లలో 40కి తగ్గకుండా మొత్తం 86 తెచ్చుకుంటే గ్రూపు పూర్తవుతుంది. మూడింట ఒక వంతు పని ముగిసిందన్న మాట. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు, పరీక్ష నియమాల ప్రకారం వేసిన లెక్క. ఫలితం వచ్చిన రోజున ఈ లెక్కను పక్కన కూర్చుని వేసి చూపించే పెద్దవారు ఒక్కరున్నా, ఆ పిల్ల వారం తిరగకుండా పుస్తకం పడుతుంది. అటువంటివారు లేని ఇళ్లలో, మూడు పేపర్లూ మొదటి నుంచి చదవాలేమోనన్న భయంతో రెండు నెలలు వృథా చేసుకున్న పిల్లలను నేను ఎరుగుదును.

ఆ రెండు నెలలు ఎంత విలువైనవో కూడా పెద్దలు గ్రహించాలి. 2024 నుంచి ఫౌండేషన్, ఇంటర్మీడియట్ పరీక్షలు ఏడాదికి మూడు పర్యాయాలు జరుగుతున్నాయి. పరీక్ష రాసిన తరువాత ఫలితానికి ఇంచుమించు రెండు నెలలు పడుతుంది. ఫలితం నుంచి తరువాతి పరీక్షకు మళ్లీ రెండు నెలలే ఉంటాయి. ఒక పర్యాయం తప్పితే ఆరు నెలలు ఎదురుచూడవలసిన పాత రోజులతో పోలిస్తే ఇది మేలే. ఏడాది పోయిందన్న బెంగ తగ్గింది. కాని ఫలితం కోసం ఎదురుచూసే మొదటి రెండు నెలలను ఎలా గడపాలన్నది ఎవరూ చెప్పడం లేదు. రాసిన పేపర్లను తలుచుకుంటూ, స్నేహితులతో జవాబులు సరిచూసుకుంటూ, ఏమీ చదవకుండా గడిపితే, ఫలితం ప్రతికూలంగా వచ్చినప్పుడు మిగిలిన రెండు నెలలు చాలవు. నేను పిల్లలకు చెప్పేది ఇది. పరీక్షలు ముగిశాక పది పన్నెండు రోజులు పుస్తకం ముట్టవద్దు, ఊరికి వెళ్లండి, నిద్రపోండి. తరువాత ఏ పేపరు బాగా రాయలేదని తోచిందో ఆ ఒక్క పేపరే రోజుకు రెండు మూడు గంటల చొప్పున తీరికగా చదవండి. గ్రూపు వస్తే ఆ చదువు పైతరగతిలో ఉపకరిస్తుంది. రాకపోతే పరుగెత్తనవసరం ఉండదు. రోజుకు పద్నాలుగు గంటలు చదవాలన్న మాట పత్రికల్లో తరచుగా కనబడుతుంది గాని, దుకాణంలో తండ్రికి సాయం చేస్తూ చదివే పిల్లవాడికి అది భయం పెంచడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు. గంటలను లెక్కపెట్టడం మాని, ఈ రోజు పుస్తకం చూడకుండా కాగితం మీద ఎన్ని లెక్కలు పూర్తి చేశానన్నది రాసిపెట్టుకోవడం ఎంతో మేలు చేస్తుంది.

ఇక మా ప్రాంతపు ప్రత్యేకమైన కష్టం భాష. ఈ పరీక్షను ఇంగ్లీషులో గాని హిందీలో గాని మాత్రమే రాయవచ్చు. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో చాలామంది ఒడియాలో చదువుతారు. ప్లస్ టూ తరువాత ఒక్కసారిగా ఇంగ్లీషులో చట్టం చదివి, ఇంగ్లీషులో తర్కించి, మూడు గంటల్లో ఇంగ్లీషులో రాయాలి. లెక్కల పేపర్లలో అంకెలు ఆదుకుంటాయి. లా, ఆడిటింగ్ పేపర్ల దగ్గర వీరు చితికిపోతారు. నోటితో అడిగితే చక్కగా తెలుగులో చెబుతారు. కంపెనీల చట్టం ప్రకారం వాటాదారులకు డివిడెండు ఎప్పుడు ఇవ్వకూడదో, ఇచ్చేందుకు వీలు ఎక్కడుందో తడబాటు లేకుండా వివరిస్తారు. ఆ విషయాన్నే రాయమంటే పుస్తకంలోని వాక్యాన్ని సగం గుర్తు తెచ్చుకుని, మిగతా సగం పోగొట్టుకుని, ప్రశ్నలో ఇచ్చిన కంపెనీ సంగతి అసలు ప్రస్తావించకుండా ముగిస్తారు. ఇంటర్మీడియట్‌లో ఇప్పుడు 30 మార్కులు బహుళైచ్ఛిక ప్రశ్నలకు, 70 మార్కులు రాసే జవాబులకు ఉన్నాయి గనుక, తెలిసిన విషయాన్ని రాయలేకపోవడమే వీరి పరాజయానికి పెద్ద కారణం అవుతోంది. తెలియక తప్పితే విద్యార్థి మళ్లీ చదువుతాడు. తెలిసి కూడా మార్కులు రాకపోతే తనకు ఈ చదువు అచ్చిరాదన్న నిర్ణయానికి వస్తాడు.

దీనికి మందు జవాబులు దిద్దడం ఒక్కటే. చట్టం ఏమి చెబుతోంది, ప్రశ్నలోని పరిస్థితికి అది ఎలా వర్తిస్తుంది, కాబట్టి ఏమి తేలుతుంది అన్న మూడు మెట్లుగా చిన్న చిన్న వాక్యాల్లో రాయడం అలవాటు చేయించాలి. ముందు తెలుగులో చర్చించనివ్వాలి. విషయం పట్టుబడిన తరువాత ఇంగ్లీషులో రాయించాలి. రాసిన కాగితాన్ని అనుభవం ఉన్నవారు ఎర్ర సిరాతో దిద్ది, మార్కులు వేసి తిరిగి ఇవ్వాలి. మొదటి కాగితంలో పదికి మూడు, కొన్ని వారాల తరువాత పదికి అయిదు వచ్చినప్పుడు ఆ పిల్లల ముఖంలో కనబడే ధైర్యం ఏ ఉపన్యాసం వల్లా రాదు. ఎందుకంటే అది తమ చేతి రాతలో తాము చూసుకున్న మార్పు.

దిద్దడానికి సామగ్రి కొరత లేదు. ఈ పరీక్షలు నిర్వహించే చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ వారి విద్యా విభాగం బోర్డ్ ఆఫ్ స్టడీస్ పాఠ్య గ్రంథాలను, రివిజన్ టెస్ట్ పేపర్లను, మాక్ టెస్టులను, పాత ప్రశ్నపత్రాలకు సూచిత సమాధానాలను వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతోంది. ఆన్‌లైన్ పాఠాలు కూడా ఉచితంగా చెప్పిస్తోంది. విశాఖపట్నంలోనో, విజయవాడలోనో హాస్టల్ ఖర్చులు భరించలేని కుటుంబానికి ఇది పెద్ద ఆసరా. లేనిదల్లా ఆ జవాబులతో పిల్లవాడు రాసిన జవాబును పోల్చి చూసి, తేడా చెప్పే మనిషి.

చదువు మీద ఇష్టం పెరగడానికి మా సరిహద్దు ఊళ్లు ఇచ్చే ఒక అవకాశాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. జీఎస్టీ పాఠంలో అందరినీ తికమక పెట్టే అంతర్రాష్ట్ర సరఫరా మా పిల్లలకు కళ్లెదుట జరిగే వ్యవహారం. రాయగడ వర్తకుడు ఆంధ్రప్రదేశ్‌లోని పార్వతీపురం నుంచి సరుకు తెప్పిస్తే బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పన్ను) ఉంటుంది, ఒడిశాలోనే ఉన్న బరంపురం నుంచి తెప్పిస్తే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ రెండూ విడివిడిగా ఉంటాయి. వర్తకుడు తన అమ్మకాలపై పన్ను చెల్లించేటప్పుడు, కొనుగోళ్లపై కట్టిన పన్నును క్రెడిట్‌గా తగ్గించుకుంటాడు; అందులో ఐజీఎస్టీ క్రెడిట్‌ను ముందుగా పూర్తిగా వాడుకోవాలి. సాలూరు నుంచి వచ్చిన రిజిస్ట్రేషన్ లేని ఖాతాదారు రాయగడ దుకాణంలోనే సరుకు చేతికి తీసుకుంటే ఆ అమ్మకం ఒడిశాలో జరిగినట్టా, ఆంధ్రప్రదేశ్‌లో జరిగినట్టా? 2023 అక్టోబరు నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం అది బిల్లులో రాసిన ఖాతాదారు చిరునామాను బట్టి ఉంటుంది, చిరునామా రాయకపోతే అమ్మినవారి చోటును బట్టి ఉంటుంది. ఈ ప్రశ్నను నేను తండ్రి దుకాణంలోని బిల్లుల కట్ట తెప్పించి అడుగుతాను. బట్టీ పట్టిన పిల్లవాడు ఆ రోజున మొదటిసారి చట్టాన్ని తన ఇంటి వ్యవహారంగా చూస్తాడు. తండ్రికి కూడా కొడుకు చదువుతున్నది ఏమిటో తెలుస్తుంది. తండ్రీకొడుకుల మధ్య "ఇంకెన్నాళ్లు చదువుతావు" అన్న మాట తగ్గి, "ఈ బిల్లు సరిగా ఉందా చూడు" అన్న మాట మొదలైన ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు చదువు మానలేదు.

మరొక చిన్న విషయం. ఇంటర్మీడియట్, ఫైనల్ పరీక్షలు మధ్యాహ్నం రెండు గంటలకు మొదలవుతాయి. రాత్రంతా చదివి, మధ్యాహ్నం భోజనం చేసి నిద్రపోయే అలవాటున్న పిల్లలు పరీక్ష రోజున ఆ వేళకు బడలికతో కూర్చుంటారు. కనీసం చివరి నెలలో వారానికి రెండుసార్లైనా రెండు నుంచి అయిదు వరకు గడియారం పెట్టుకుని పూర్తి పేపరు రాయాలి.

ఇప్పుడు ఈ ఊళ్ల పెద్దలకు నా అభ్యర్థన. కూర్చుని చదువుకునే చోటు లేకపోవడం ఇక్కడ చాలా ఇళ్ల సమస్య. రెండు గదుల ఇంట్లో టీవీ, చుట్టాలు, దుకాణం సరుకు అన్నీ ఉంటాయి. ఆడపిల్లల పరిస్థితి ఇంకా కష్టం. అబ్బాయి పుస్తకం పట్టుకుంటే ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడతారు. అమ్మాయి పుస్తకం పట్టుకున్నా వంటింటి నుంచి పిలుపు వస్తుంది. అబ్బాయి రెండుసార్లు తప్పితే మళ్లీ రాయమంటారు. అమ్మాయి ఒక్కసారి తప్పగానే సంబంధాలు చూడడం మొదలుపెడతారు. అకౌంట్స్‌లో నా దగ్గరకు వచ్చినవారిలో ఎంతో చురుకైన అమ్మాయిలు ఈ కారణంగానే చదువు ఆపేశారని చెప్పడానికి బాధగా ఉంది. వారిని దూరపు పట్టణానికి పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. ఆ జంకును నేను తప్పుపట్టను. అందుకనే ఊళ్లోనే చోటు కావాలి. మన ఊళ్లలో వర్తక సంఘాల భవనాలు, కళ్యాణమండపాలు, దేవాలయ సత్రాలు ముహూర్తాలు లేని నెలల్లో ఖాళీగా ఉంటాయి. వాటిలో ఒక గదిని మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిది వరకు చదువుకునే పిల్లలకు వదిలిపెడితే చాలు. బల్లలు, ఫ్యాన్లు, కరెంటు పోయినప్పుడు వెలిగే దీపాలు, మంచినీళ్లు, పెద్దమనిషి తరహాలో గమనించే ఒక మహిళ ఉంటే తల్లిదండ్రులు అమ్మాయిలను నిశ్చింతగా పంపుతారు. నలుగురు ఒకచోట కూర్చుని చదువుతుంటే, ఒకరికి మనసు లేని రోజున పక్కవారిని చూసి పుస్తకం తెరుస్తారు.

ఈ జిల్లాల్లో ప్రాక్టీసు చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంట్లకు కూడా వినయపూర్వకంగా ఒక మాట. రిటర్నుల గడువులు, ఆడిట్ల గడువులు మీకు ఊపిరి సలపనివ్వవని తెలుసు. అయినా గడువులు లేని నెలల్లో వారానికి ఒక సాయంత్రం, అయిదారుగురు పిల్లల జవాబుపత్రాలు దిద్దగలరా? మీరు ఏ మెట్టు దగ్గర తడబడి లేచారో పిల్లలతో చెప్పండి. గ్రూపు రెండుమూడుసార్లు రాసి చివరకు ప్రాక్టీసులో స్థిరపడినవారు మన ఊళ్లలోనే ఉన్నారు. ఒక్కసారికే అన్నీ దాటినవారి మాట కన్నా వారి మాట ఈ పిల్లల మనసులో ఎక్కువగా నాటుకుంటుంది.

ఇన్‌స్టిట్యూట్ పరిపాలనలో మా ప్రాంతం ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. ఒడిశా తూర్పు ప్రాంతీయ మండలి కిందికి వస్తుంది, ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంతీయ మండలి కిందికి వస్తుంది. మా పిల్లలకు తెలుగులో సందేహం తీర్చగలవారు, రైలెక్కితే చేరగలిగినవారు విశాఖపట్నంలో ఉన్నారు. కాగితాల ప్రకారం వారు మరొక మండలివారు. ఈ రెండు మండలులూ మాట్లాడుకుని, రాయగడ, కోరాపుట్, గజపతి, గంజాం జిల్లాల విద్యార్థుల కోసం ప్రతి పరీక్షకు ముందు ఒక ఉమ్మడి మాక్ టెస్టును, దిద్దిన పేపర్లతో సహా, ఏర్పాటు చేస్తే పెద్ద ఖర్చు లేకుండానే ఎంతో మేలు జరుగుతుంది.

పట్టుదల గురించి ఇంత రాసి, మానుకోవడం గురించి రాయకపోతే అది అసంపూర్ణమవుతుంది. ఈ చదువు అందరికీ సరిపడదు. కొందరు పిల్లలు ఇష్టం లేకుండా, తండ్రి మాట కాదనలేక ఏళ్ల తరబడి రాస్తూనే ఉంటారు. ఇన్ని పర్యాయాల వరకు ప్రయత్నించి, తరువాత వేరే దారి చూసుకుందామని ముందుగానే ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవడం మంచిది. ఇంటర్మీడియట్ వరకు చదివిన చదువు వృథా కాదు. బి.కాం. పట్టా పక్కనే ఉంటే కంపెనీల అకౌంట్స్ విభాగాల్లో, బ్యాంకు పరీక్షల్లో, పన్నుల పనిలో అది అక్కరకు వస్తుంది. ఫలితాల తరువాత పిల్లలు గది తలుపు వేసుకుని, తిండి మాని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే దానిని అలక అనుకోవద్దు. పక్కన కూర్చోండి. అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయండి, అది ఉచితం. ఒక పరీక్ష కన్నా బిడ్డ ముఖ్యమన్న సంగతి తల్లిదండ్రులకు తెలియనిది కాదు గాని, ఆ మాట బిడ్డ చెవిన పడేలా నోరు తెరిచి చెప్పే ఇళ్లు తక్కువ.

సంపాదకులు గారూ, ర్యాంకర్ల ఫొటోలతో పాటు, ఫలితాలు వెలువడిన రోజున ఎగ్జంప్షన్ నియమాలను ఒక ఉదాహరణతో సహా తెలుగులో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మూడో పర్యాయంలోనో, నాలుగో పర్యాయంలోనో ఉత్తీర్ణులైన ఒకరిద్దరి అనుభవాలను, వారి అనుమతితో, అదే పుటలో వేయండి. సరిహద్దు జిల్లాల్లో చదువుకోవడానికి గది ఇవ్వగలవారు, జవాబులు దిద్దగలవారు తమ వివరాలు పంపడానికి మీ జిల్లా పుటలో కొంత చోటు కేటాయించండి. రాయగడలో అకౌంట్స్, కాస్టింగ్ పేపర్ల జవాబులు ఆదివారం సాయంత్రాలు దిద్దడానికి నేను సిద్ధంగా ఉన్నాను. లా, ఆడిటింగ్ పేపర్లు దిద్దగలవారు ముందుకు వస్తే వచ్చే పరీక్షలకు ముందే పని మొదలుపెట్టవచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత కామర్సు అధ్యాపకుడు,
రాయగడ, ఒడిశా.